విటమిన్ డి తగ్గితే జబ్బా, జబ్బు చేస్తే విటమిన్ డి తగ్గుతుందా?

సంక్షిప్తంగా: రక్తంలో విటమిన్ డి బాగా తగ్గితే ఎముకలు దెబ్బతింటాయన్నది వందేళ్ల క్రితమే రుజువైంది. గుండెజబ్బులు, క్యాన్సర్, మధుమేహం, కుంగుబాటు వంటి వాటితో దానికున్న సంబంధం గణాంకాల్లో బలంగా కనిపించినా, మాత్రలిచ్చి చూసిన పెద్ద ప్రయోగాల్లో చాలావరకు నిలబడలేదు. చాలా సందర్భాల్లో తక్కువ విటమిన్ డి అనారోగ్యానికి కారణం కాదు, దాని గుర్తు మాత్రమే. లోపం ఎక్కడ మొదలవుతుందనే అంకెపై నిపుణుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆ గీతను కాస్త జరిపితే కోట్ల మంది లోపం జాబితాలోకి వస్తారు, లేదా బయటికి పోతారు.

గత రెండు దశాబ్దాల్లో విటమిన్ డి మీద పెట్టుకున్నన్ని ఆశలు మరే పోషకం మీదా పెట్టుకోలేదు. ఎముకల బలహీనత సరే, గుండెపోటు, పెద్దపేగు క్యాన్సర్, మధుమేహం, కుంగుబాటు, మతిమరుపు, చివరికి కోవిడ్ తీవ్రత. ఏ జబ్బును తీసుకున్నా, రక్తంలో విటమిన్ డి తక్కువున్నవారిలోనే అది ఎక్కువగా కనిపించిందని ఏదో ఒక అధ్యయనం చెబుతుంది. మరోవైపు, వేలమందికి ఏళ్ల తరబడి విటమిన్ డి మాత్రలిచ్చి చూసిన ప్రయోగాలు ఒకదాని తర్వాత ఒకటిగా పెద్ద తేడా లేదని తేల్చాయి. ఈ రెండు రకాల వార్తలూ చదివే పాఠకుడు అయోమయంలో పడటం సహజం. విచిత్రమేమిటంటే రెండూ నిజమే. అదెలాగో తెలియాలంటే ఈ పదార్థం శరీరంలో నడిచే దారి, దాన్ని కొలిచే పద్ధతి, లోపమనే గీతను గీసిన తీరు చూడాలి.

చర్మం నుంచి మూత్రపిండాల దాకా

చర్మకణాల్లో 7-డీహైడ్రోకొలెస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాలు, అంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి, దాని మీద పడినప్పుడు అణువులోని ఒక వలయం తెగి ప్రీవిటమిన్ డి3 ఏర్పడుతుంది. ఒంటి వేడికి అది నెమ్మదిగా విటమిన్ డి3గా మారుతుంది. ఈ దశలో ఒక సహజమైన కట్టడి ఉంది. ఎండ మరీ ఎక్కువైతే ప్రీవిటమిన్ కాస్తా లుమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే నిరుపయోగమైన రూపాల్లోకి మళ్లిపోతుంది. అందుకే ఎండలో ఎంతసేపున్నా చర్మం కమిలిపోవచ్చు గానీ, ఒంట్లో విటమిన్ డి ప్రమాదకర స్థాయికి చేరదు. మాత్రల రూపంలో మింగినదానికి ఈ కట్టడి వర్తించదు.

ఈ కిరణాలు అందరికీ ఒకేలా అందవు. సూర్యుడు క్షితిజానికి దగ్గరగా ఉన్నప్పుడు అవి వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి ఓజోన్ పొరలో ఇంకిపోతాయి. 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, 53 డిగ్రీలు దాటి ఉన్న కెనడా నగరం ఎడ్మంటన్‌లో అక్టోబరు నుంచి మార్చి దాకా, ఎండ తగిలినా చర్మంలో విటమిన్ డి తయారు కావడం లేదని 1988లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. కిటికీ అద్దం ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం వెనుక కూర్చుంటే వెచ్చదనం దక్కుతుంది, విటమిన్ దక్కదు. చర్మంలోని మెలనిన్ కూడా వీటిని పీల్చుకుంటుంది కాబట్టి, చామనఛాయ లేదా నల్లని చర్మం ఉన్నవారికి అంతే విటమిన్ తయారు కావడానికి ఎక్కువసేపు ఎండ అవసరం. వయసు పైబడినకొద్దీ చర్మంలో ముడిసరుకే తగ్గిపోతుంది.

చర్మంలో తయారైనా, ఆహారంలో లేదా మాత్రలో వచ్చినా విటమిన్ డి నేరుగా పనిచేయలేదు. కాలేయంలో దానికి ఒక హైడ్రాక్సిల్ గుంపు చేరి 25-హైడ్రాక్సీ విటమిన్ డి అవుతుంది. మూత్రపిండాల్లో ఇంకొకటి చేరి కాల్సిట్రియాల్ అవుతుంది. అసలు పని చేసేది ఈ కాల్సిట్రియాలే. అది కణకేంద్రకంలోని ఒక గ్రాహకానికి అతుక్కుని జన్యువులను మేల్కొలుపుతుంది, కొన్నింటిని అణచివేస్తుంది. హార్మోన్లు పనిచేసే తీరు సరిగ్గా ఇదే. దీని ఉత్పత్తిని శరీరం గట్టి నియంత్రణలో ఉంచుతుంది. రక్తంలో కాల్షియం తగ్గితే మెడలోని చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోన్ దీన్ని పెంచుతుంది. ఫాస్ఫేటు ఎక్కువైతే ఎముకల నుంచి వెలువడే మరో హార్మోన్, ఎఫ్‌జీఎఫ్23, దీన్ని తగ్గిస్తుంది.

ఈ గ్రాహకం ఎముకల్లో, పేగుల్లోనే కాక రోగనిరోధక కణాలు, కండరాలు, క్లోమం వంటి అనేక చోట్ల ఉంది. విటమిన్ డి అన్ని జబ్బులతోనూ ముడిపడి ఉండవచ్చన్న ఆశకు జీవశాస్త్రపరమైన మూలం ఇదే. ఆశ అర్థంలేనిది కాదు. కానీ గ్రాహకం ఉన్నంత మాత్రాన అదనంగా విటమిన్ డి ఇస్తే మేలు జరుగుతుందని అర్థం కాదు. ఉన్నదే సరిపోతూ ఉండవచ్చు.

ఎముకల విషయంలో అనుమానం లేదు

కాళ్లు వంకర్లు పోయే రికెట్స్ జబ్బును ఇంగ్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్ 1650లోనే వివరంగా వర్ణించాడు. కారణం తేలడానికి మాత్రం 20వ శతాబ్దం రావలసి వచ్చింది. 1919లో బెర్లిన్ వైద్యుడు కర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ రికెట్స్ ఉన్న పిల్లలకు పాదరస దీపపు అతినీలలోహిత కాంతిని పట్టి నయం చేశాడు. ఒక చేతి మీద మాత్రమే కాంతి పడినా రెండో చేతి ఎముకలు కూడా బాగుపడ్డాయి. చర్మంలో ఏదో తయారై రక్తం ద్వారా ఒళ్లంతా పాకుతోందనడానికి అంతకన్నా సూటి సాక్ష్యం అక్కరలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే బ్రిటన్‌లో ఎడ్వర్డ్ మెలన్బీ కుక్కపిల్లలకు ఆహారం ద్వారా రికెట్స్ తెప్పించి, కాడ్ చేప కాలేయ నూనెతో నయం చేశాడు. ఆ గుణం విటమిన్ ఏదేనని అప్పట్లో భావించారు. 1922లో అమెరికాలో ఎల్మర్ మెకాలమ్ ఆ నూనెను వేడిచేసి, గాలి పట్టించి, విటమిన్ ఏని నాశనం చేశాక కూడా రికెట్స్ తగ్గుతోందని చూపాడు. కొత్త పదార్థానికి డి అనే అక్షరం అలా వచ్చింది. స్టెరాల్స్‌పై, వాటికి విటమిన్లతో ఉన్న సంబంధంపై చేసిన కృషికి అడాల్ఫ్ విండౌస్‌కు 1928లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

జబ్బు ఎలా పుడుతుందో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. విటమిన్ డి లేనప్పుడు పేగులు ఆహారంలోని కాల్షియంలో 10 నుంచి 15 శాతమే పీల్చుకుంటాయి. అది తగినంత ఉన్నప్పుడు 30 నుంచి 40 శాతం దాకా గ్రహిస్తాయి. కాల్షియం చాలనప్పుడు శరీరం గుండె, నరాల పని ఆగకుండా చూసుకోవడానికి ఎముకల్లోని నిల్వను కరిగించి రక్తంలోకి తెస్తుంది. ఆ ఆజ్ఞ ఇచ్చేది పారాథైరాయిడ్ హార్మోన్. అదే హార్మోన్ ఫాస్ఫేటును మూత్రంలోకి నెట్టేస్తుంది కూడా. దాంతో కొత్తగా ఏర్పడే ఎముకకు ఖనిజం అందక మెత్తగా ఉండిపోతుంది. ఎదిగే పిల్లల్లో ఇది రికెట్స్‌గా, పెద్దల్లో ఆస్టియోమలేసియాగా బయటపడుతుంది. పెద్దల్లో లక్షణాలు మరీ స్పష్టంగా ఉండవు. నడుము, తుంటి, తొడల్లో అదేపనిగా నొప్పి, మెట్లెక్కడం కష్టం కావడం, కండరాల నీరసం కనిపిస్తాయి. కీళ్లనొప్పులుగా పొరబడటం మామూలే.

ఇక్కడ మాత్రలు కచ్చితంగా పనిచేస్తాయి. దీనిపై ఏ వర్గంలోనూ భేదాభిప్రాయం లేదు.

పరీక్ష దేన్ని కొలుస్తుంది?

రక్తపరీక్ష నివేదికలో కనిపించేది కాలేయంలో తయారైన 25-హైడ్రాక్సీ విటమిన్ డి. అసలు పనిమంతుడైన కాల్సిట్రియాల్‌ను వదిలేసి దీన్ని కొలవడానికి కారణాలున్నాయి. కాల్సిట్రియాల్ రక్తంలో కొన్ని గంటలే నిలుస్తుంది. పైగా లోపం ఉన్నప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ ఒత్తిడితో అది మామూలుగానో, ఎక్కువగానో కూడా కనిపించవచ్చు. 25-హైడ్రాక్సీ రూపం సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంటే మొదటిది గల్లాపెట్టెలోని చిల్లర, రెండోది గోదాములోని సరుకు. నిల్వ తెలియాలంటే గోదామునే చూడాలి.

అయితే గోదాము లెక్క కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. రక్తంలోని విటమిన్ డిలో అత్యధిక భాగం ఒక వాహక ప్రోటీన్‌కు అతుక్కుని తిరుగుతుంది. కణాలకు స్వేచ్ఛగా అందేది చాలా స్వల్పం. గర్భధారణ వంటి స్థితుల్లో ఆ ప్రోటీన్ పరిమాణమే మారుతుంది. కొలిచే పద్ధతులూ వేరువేరు. యాంటీబాడీలతో కొలిచే పరికరాలు ఒకదానికొకటి పొంతన లేని అంకెలు ఇవ్వడం, పుట్టగొడుగుల వంటివాటి నుంచి వచ్చే డి2 రూపాన్ని కొన్ని తక్కువగా లెక్కించడం దీర్ఘకాలంగా ఉన్న సమస్య. దీన్ని చక్కదిద్దడానికే 2010లో అంతర్జాతీయ ప్రామాణీకరణ కార్యక్రమం మొదలైంది. దీనికి తోడు వేసవి చివర తీసిన రక్తానికీ చలికాలం చివర తీసిన రక్తానికీ ఒకే మనిషిలో గణనీయమైన తేడా ఉంటుంది. గీత 20 దగ్గర ఉందనుకుంటే, 19 వస్తే లోపం, 21 వస్తే ఆరోగ్యం అన్నంత కచ్చితత్వం ఈ పరీక్షకు లేదు.

ప్రమాణాల విషయం కూడా తెలుసుకోవాలి. కొన్ని దేశాల్లో నివేదికలు మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో, మరికొన్నిచోట్ల లీటరుకు నానోమోల్స్‌లో ఇస్తారు. మొదటి అంకెను 2.5తో గుణిస్తే రెండోది వస్తుంది. 20 నానోగ్రాములు, 50 నానోమోల్స్ ఒకటే. మాత్రల మోతాదులో 40 యూనిట్లంటే 1 మైక్రోగ్రాము.

ఇరవయ్యా, ముప్పయ్యా?

గందరగోళానికి కేంద్రం ఇదే. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010 చివర్లో విడుదల చేసిన నివేదిక, 20 నానోగ్రాముల స్థాయి దాదాపు అందరి ఎముకల అవసరాలనూ తీరుస్తుందని చెప్పింది. ఎండతో సంబంధం లేకుండా 70 ఏళ్ల లోపువారికి రోజుకు 600 యూనిట్లు, ఆ పైవారికి 800 యూనిట్లు చాలునని, 4,000 యూనిట్లను గరిష్ఠ పరిమితిగా భావించాలని సూచించింది. మరుసటి ఏడాదే హార్మోన్ నిపుణుల సంస్థ ఎండోక్రైన్ సొసైటీ వేరే గీత గీసింది. 20 లోపు లోపం, 21 నుంచి 29 వరకు కొరత, 30 దాటితేనే సమృద్ధి అన్నది. బ్రిటన్ సలహా సంఘం 2016లో 10 నానోగ్రాములను కనీస రక్షణ స్థాయిగా తీసుకుంది. ఒకే మనిషి ఒకే నివేదికతో మూడు చోట్లకు వెళితే మూడు తీర్పులు రావచ్చన్నమాట.

ఈ తేడా వెనుక ఉన్నది సమాచారం కొరత కాదు, దాన్ని చదివిన పద్ధతి. జర్మనీలో 675 మంది మృతుల తుంటి ఎముక ముక్కలను సూక్ష్మదర్శినిలో పరిశీలించిన అధ్యయనం 2010లో వచ్చింది. 30 నానోగ్రాములు దాటినవారిలో ఒక్కరికీ ఎముక ఖనిజీకరణ లోపం కనిపించలేదు. కాబట్టి 30 ఉండాలని ఒక వర్గం వాదించింది. అదే అధ్యయనాన్ని చూసిన రెండో వర్గం, 20 దాటినవారిలో లోపం చాలా అరుదు కాబట్టి 20 చాలునన్నది. మరో ముఖ్యమైన విషయం ఉంది. 10 లోపు ఉన్నవారిలో కూడా చాలామంది ఎముకలు బాగానే ఉన్నాయి. మొదటి వర్గం ఒక్కరు కూడా మిగలకూడదని చూసింది. రెండోది అత్యధికులకు ఏది చాలో చూసింది. ఎంత ముప్పును ఒప్పుకోవచ్చన్న విధానపరమైన ప్రశ్న, శాస్త్రీయ వివాదం వేషంలో ఏళ్ల తరబడి నడిచింది.

దీనికి ఇంకో పొరపాటు తోడైంది. ఏ పోషకానికైనా రెండు అంకెలుంటాయి. జనంలో సగం మందికి సరిపోయే సగటు అవసరం ఒకటి, 97.5 శాతం మందికి సరిపోయే సిఫారసు స్థాయి రెండోది. విటమిన్ డి విషయంలో మొదటిది 16 నానోగ్రాములు, రెండోది 20. సిఫారసు స్థాయి కంటే కొంచెం తక్కువున్నవారిలో చాలామంది సొంత అవసరం తీరిపోయే ఉంటుంది. కానీ ఆచరణలో 20 కంటే తగ్గిన ప్రతివారినీ లోపం ఉన్నవారిగా లెక్కించారు. విటమిన్ డి లోపం మహమ్మారిలా వ్యాపించిందన్న ప్రచారంలో కొంత భాగం ఈ లెక్కల తప్పిదమేనని, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక తయారీలో పాల్గొన్న కొందరు 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. 30ని గీతగా తీసుకుంటే సంగతి చెప్పనక్కరలేదు. ప్రపంచంలో సగానికంటే ఎక్కువ మంది రోగులవుతారు.

2024లో ఎండోక్రైన్ సొసైటీ తన వైఖరి మార్చుకుంది. 30 లక్ష్యాన్ని తాను ఇక సమర్థించడం లేదని, లోపానికి నిర్దిష్టమైన అంకె ఏదీ చెప్పడం లేదని ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్నవారికి యథాలాపంగా పరీక్ష చేయవద్దని కూడా సూచించింది. దశాబ్దానికి పైగా ప్రయోగశాలల నివేదికల్లో అచ్చవుతూ వచ్చిన గీతను గీసినవారే చెరిపేశారు. నివేదికల్లో మాత్రం అది ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తూనే ఉంది.

సహజమైన స్థాయి ఏదన్న ప్రశ్నకు టాంజానియాలోని మసాయి పశుపోషకులు, హడ్జా వేటగాళ్ల రక్తం పరీక్షించినప్పుడు సగటున 46 నానోగ్రాములు కనిపించింది. రోజంతా ఎండలో గడిపే మనుషుల స్థాయి అదని ఎక్కువ అంకె కోరేవారు దీన్ని ఉదాహరిస్తారు. ఇటు చూస్తే, అమెరికాలో నల్లజాతీయుల్లో విటమిన్ డి తెల్లవారికంటే చాలా తక్కువ, అయినా వారి ఎముకల సాంద్రత ఎక్కువ, ఎముకలు విరగడం తక్కువ. ఒకే అంకె అందరిలోనూ ఒకే అర్థాన్ని ఇవ్వదనడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ దొరకదు.

ముందు ఏది, వెనుక ఏది

ఆరోగ్యంగా ఉన్నవారు బయట తిరుగుతారు, వ్యాయామం చేస్తారు, ఎండ తగులుతుంది. మంచం పట్టినవారు గదిలో ఉంటారు. కొన్నేళ్ల తర్వాత ఎవరికి గుండెపోటు వచ్చిందో లెక్కిస్తే, విటమిన్ డి తక్కువున్నవారిలోనే ఎక్కువ కనిపిస్తుంది. విటమిన్ డి ఆ మనుషుల జీవనశైలికి కొలమానంగా పనిచేసిందంతే. పరిశోధకులు గణాంక పద్ధతులతో ఇలాంటి తేడాలను సరిచేయడానికి ప్రయత్నిస్తారు. కానీ ఒక మనిషి ఎంత చురుకైనవాడన్నది ప్రశ్నాపత్రంలో పూర్తిగా పట్టుబడదు.

ఊబకాయం మరో ముడి. కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి పెద్ద శరీరంలో విటమిన్ డి పలచబడిపోతుంది. ఒకే మోతాదు ఎండ లేదా మాత్ర ఇచ్చినా ఊబకాయుల రక్తంలో పెరుగుదల తక్కువ. జన్యుపరమైన తేడాలను ఆధారం చేసుకుని 2013లో చేసిన విశ్లేషణ, బరువు పెరగడం వల్ల విటమిన్ డి తగ్గుతుందని, విటమిన్ డి తగ్గడం వల్ల బరువు పెరగడం లేదని తేల్చింది. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బులు ఊబకాయంతో ఎలాగూ వస్తాయి. మధ్యలో విటమిన్ డి దోషిగా నిలబడింది.

అన్నిటికంటే ఆసక్తికరమైనది మూడో మార్గం. శరీరంలో వాపు మొదలైతే విటమిన్ డి దానంతట అదే పడిపోతుంది. మోకాలి మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో రెండు రోజుల్లోనే 25-హైడ్రాక్సీ విటమిన్ డి గణనీయంగా తగ్గినట్లు 2011లో గమనించారు. రెండు రోజుల్లో ఎవరికీ ఎండ కొరత రాదు. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారి రక్తంలో విటమిన్ డి తక్కువుందన్న వార్తలను ఈ వెలుగులో మళ్లీ చదవాలి. ఆ పరీక్షల్లో చాలావరకు జబ్బు ముదిరాక చేసినవే.

2014లో 290 పరిశీలనాత్మక అధ్యయనాలను, 172 ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూసిన సమీక్ష ఒకటి లాన్సెట్ కుటుంబానికి చెందిన పత్రికలో వచ్చింది. మొదటి రకం అధ్యయనాల్లో కనిపించిన సంబంధాలు రెండో రకంలో ఆవిరైపోయాయి. తక్కువ విటమిన్ డి అనారోగ్యానికి సూచిక అయి ఉంటుందని దాని రచయితలు ముగించారు. అప్పటికి అది వివాదాస్పదమైన మాటే.

పెద్ద ప్రయోగాలు తేల్చినవి

ఆ వివాదాన్ని తీర్చడానికి మొదలైనవాటిలో అతి పెద్దది అమెరికాలో జరిగిన వైటల్. 50 ఏళ్లు దాటిన పురుషులు, 55 దాటిన స్త్రీలు మొత్తం 25,871 మంది ఇందులో పాల్గొన్నారు. సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి, మిగతావారికి మందులేని ఉత్తుత్తి మాత్ర. సగటున అయిదేళ్లకు పైగా గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. క్యాన్సర్ రావడంలో గానీ, గుండెపోటు, పక్షవాతాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత అదే ప్రయోగంలో కుంగుబాటు, ఎముకలు విరగడం కూడా తగ్గలేదని తేలింది. ఆస్ట్రేలియాలో 21,315 మందికి నెలకోసారి 60,000 యూనిట్లు ఇచ్చిన డి-హెల్త్ ప్రయోగంలో మరణాలు తగ్గలేదు.

వీటిపై వచ్చిన ప్రధాన విమర్శ సరైనదే. వైటల్‌లో రక్తపరీక్ష చేసినవారి సగటు మొదటే 30 నానోగ్రాములు దాటి ఉంది. కడుపు నిండినవారికి భోజనం పెట్టి ఆకలి తీరలేదంటే ఎలాగని మాత్రల సమర్థకులు అడిగారు. దీనికి జవాబు మంగోలియా నుంచి వచ్చింది. అక్కడ 8,851 మంది బడిపిల్లలకు మూడేళ్లపాటు వారానికి 14,000 యూనిట్లు ఇచ్చి క్షయ సోకడం తగ్గుతుందేమో చూశారు. 95 శాతానికి పైగా పిల్లల్లో స్థాయి మొదట 20 లోపే. పైగా ప్రయోగశాలలో విటమిన్ డి క్షయ క్రిములను చంపే సహజ ప్రోటీన్‌ను రక్షక కణాల్లో పెంచుతుందని 2006లోనే తెలిసింది. సిద్ధాంతం బలంగా ఉంది, లోపం నిజంగా ఉంది. అయినా 2020లో వెలువడిన ఫలితాల్లో క్షయ సోకినవారి సంఖ్య రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకటే.

అన్నీ శూన్యమేనని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. వైటల్‌లో కీళ్లవాతం, సోరియాసిస్ వంటి స్వయం నిరోధక వ్యాధులు 22 శాతం తక్కువగా వచ్చాయి. సంఖ్యలు చిన్నవి, మాత్రలు ఆపాక ఆ ప్రభావం తగ్గిపోయింది కూడా. అయినా విస్మరించదగింది కాదు. మధుమేహం అంచున ఉన్న 2,423 మందికి రోజుకు 4,000 యూనిట్లు ఇచ్చిన ప్రయోగంలో మధుమేహం 12 శాతం తక్కువగా వచ్చింది. విడిగా చూస్తే గణాంకపరంగా అది నిలవలేదు. ఇలాంటి మూడు ప్రయోగాలను కలిపి 2023లో విశ్లేషిస్తే 15 శాతం తగ్గుదల కనిపించింది. శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల విషయంలో 2017లో కనిపించిన స్వల్ప ప్రయోజనం, కొత్త ప్రయోగాలు చేరినకొద్దీ కరిగిపోతూ 2025 నాటికి గణాంకపరంగా తేడా లేని స్థితికి వచ్చింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు విషయంలో మాత్రం జన్యు ఆధారాలు తక్కువ విటమిన్ డిని ఒక కారణంగానే చూపుతున్నాయి. అయితే ముప్పును పెంచే కారణమైనంత మాత్రాన, జబ్బు వచ్చాక అదే మందవుతుందని అనుకోలేం.

ఎక్కువైతే

విటమిన్ డి విషతుల్యం కావడం అరుదు. సాధారణంగా రక్తంలో 150 నానోగ్రాములు దాటాకే కనిపిస్తుంది. కాల్షియం రక్తంలో పేరుకుని వాంతులు, విపరీతమైన దాహం, తికమక, మూత్రపిండాల్లో రాళ్లు, చివరికి మూత్రపిండాల వైఫల్యం దాకా పోవచ్చు. 1950లలో బ్రిటన్‌లో పసిపిల్లల ఆహారంలో విటమిన్ డి మోతాదుకు మించి కలవడంతో కొందరు శిశువుల్లో కాల్షియం ప్రమాదకరంగా పెరిగింది. అదే ఆహారం తిన్న మిగతా పిల్లలకు ఏమీ కాలేదు. విటమిన్ డిని విరగ్గొట్టే ఎంజైము జన్యువులో లోపం ఉన్న పిల్లలు కొద్దిపాటి అదనపు మోతాదును కూడా తట్టుకోలేరని 2011లో తెలిశాక ఆ పాత చిక్కుముడికి ఒక వివరణ దొరికింది. అవయవాల్లో వాపు గడ్డలు ఏర్పడే సార్కాయిడోసిస్ జబ్బు ఉన్నవారిలో రోగనిరోధక కణాలే అదుపు లేకుండా కాల్సిట్రియాల్ తయారుచేస్తాయి కాబట్టి వారికీ ఇలాంటి ముప్పే.

విషం స్థాయికి చాలా కిందనే ఇబ్బందులు మొదలవుతాయని రెండు ప్రయోగాలు చూపాయి. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన 2,256 మంది స్త్రీలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒకే విడతగా ఇచ్చారు. పడిపోవడం 15 శాతం, ఎముకలు విరగడం 26 శాతం పెరిగాయని 2010లో తేలింది. మందు ఇచ్చిన తర్వాతి మూడు నెలల్లో పడిపోవడం మరీ ఎక్కువ. 2019లో కెనడాలోని క్యాల్గరీ పరిశోధకులు మూడేళ్లపాటు రోజుకు 400, 4,000, 10,000 యూనిట్లు ఇచ్చి పోల్చారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో ముంజేతి ఎముక సాంద్రత పెరగలేదు సరికదా, ఇంకాస్త తగ్గింది. ఒకేసారి భారీ మోతాదు ఇస్తే శరీరం విటమిన్ డిని నాశనం చేసే యంత్రాంగాన్ని కూడా వేగవంతం చేస్తుందన్నది ఆస్ట్రేలియా ఫలితానికి ఇస్తున్న ఒక వివరణ. రోజూ కొద్దిగా తీసుకోవడం మేలన్న సలహా ఇక్కడి నుంచే వచ్చింది.

నిజమైన లోపం ఎవరిలో?

తల్లిపాలలో విటమిన్ డి చాలా తక్కువ. అందుకే శిశువులకు తొలి ఏడాది రోజుకు 400 యూనిట్లు ఇవ్వాలని పిల్లల వైద్య సంఘాలు చెబుతాయి. ఇళ్లకూ సంరక్షణ కేంద్రాలకూ పరిమితమైన వృద్ధులు, ఒంటి నిండా దుస్తులు కప్పుకుని ఉండేవారు, పేగుల్లో కొవ్వు ఇంకని జబ్బులున్నవారు, పొట్ట పరిమాణం తగ్గించే శస్త్రచికిత్సలు చేయించుకున్నవారు, ఫెనిటోయిన్ వంటి మూర్ఛ మందులు ఏళ్ల తరబడి వాడేవారు ఈ జాబితాలో ముందుంటారు. మూత్రపిండాలు పాడైనవారి సమస్య వేరు. వారిలో ముడిసరుకున్నా చివరి మెట్టు దగ్గర పని ఆగిపోతుంది. కాబట్టి మామూలు విటమిన్ డికి బదులు కొన్నిసార్లు తయారైన కాల్సిట్రియాల్‌నే ఇవ్వవలసి వస్తుంది.

జనాభా మొత్తాన్ని పట్టి చూస్తే ఫిన్లండ్ అనుభవం గమనించదగింది. 2003లో పాలలో విటమిన్ డి కలపడం మొదలుపెట్టి, 2010లో మోతాదును రెట్టింపు చేశారు. 2000 నుంచి 2011 మధ్య పెద్దల సగటు స్థాయి 19 నుంచి 26 నానోగ్రాములకు పెరిగింది. ఇందులో ఎక్కువ భాగం ఎవరి రక్తమూ పరీక్షించకుండా, ఎవరికీ మాత్ర రాయకుండా వచ్చిన మార్పే. అట్టడుగున ఉన్నవారిని కాస్త పైకి లేపడమే అసలు లక్ష్యమైతే, విడివిడిగా ఒక్కొక్కరి అంకె వెంట పడటం కంటే ఈ దారి చవకైనది.

నడుము, తొడల నొప్పితో, మెట్లెక్కలేని నీరసంతో వచ్చినవారికి 8 నానోగ్రాములు కనిపిస్తే అది వెంటనే చికిత్స చేయవలసిన స్థితి. దాంతోపాటు కాల్షియం, ఫాస్ఫేటు, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కూడా చూస్తే ఎముకల పరిస్థితి తెలుస్తుంది. ఏ ఇబ్బందీ లేని వ్యక్తికి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో భాగంగా 22 కనిపిస్తే పెద్దగా చేయవలసింది ఏమీ లేదు. నివేదికలో మాత్రం ఈ రెండు అంకెలూ ఒకే ఎర్రరంగులో అచ్చవుతాయి.